పగలు గజంబద్ద, రాత్రి పట్టా చదువు
బట్టల కొట్టు గుమాస్తాలకు ఇంటిపట్టునే మర్చండైజింగ్ విద్య

చీరాల బట్టల బజారులో రాత్రి షట్టర్లు దిగే వేళ. పగలంతా కొనేవారి ముందు విప్పి పరచిన చీరలను గుమాస్తాలు మడతలు వేసి అరల్లో సర్దుతుంటారు. ఏ రంగు చీర ఎన్ని రోజుల్లో కదిలింది, ఏ అంచు చూసి ఆడవాళ్ళు పెదవి విరిచారు, పెళ్ళి బట్టలకు వచ్చినవారు ఏది అడిగి లేక పక్క కొట్టుకు వెళ్ళారు - ఇవన్నీ వారికి కంఠతా వచ్చు. అయినా సరుకు కొనడానికి యజమాని సూరత్ బయలుదేరేటప్పుడు వారిని సలహా అడిగేది అరుదు. గుమాస్తాకు తెలిసిన సంగతి గల్లాపెట్టె దాకా వెళ్ళకుండానే ఆగిపోతుంది.

ఆ తెలివికి లెక్క, భాష నేర్పే చదువు ఒకటి వుంది. దాని పేరు మర్చండైజింగ్. ఏ సరుకు, ఎంత, ఎప్పుడు కొనాలి. ఏ ధర పెట్టాలి. కొట్లో ఎక్కడ వుంచాలి. మిగిలిపోతే ఎలా వదిలించుకోవాలి - ఇదీ ఆ విద్య. ఈ తరహా వ్యాపార విద్యలో డిగ్రీ, పోస్టు గ్రాడ్యుయేట్ పట్టాలను ఉద్యోగం మానకుండా, ఊరు విడవకుండా చదువుకునే వీలు నేడు వుంది. అయితే పట్టా పేరిట దళారులు పన్నే వల కూడా అంత దగ్గరలోనే వుంది. తెలిసి అడుగు వేసినవారికి ఇది నిచ్చెన. తెలియక వేసినవారికి డబ్బూ, రెండేళ్ళ కాలమూ నీళ్ళపాలు.

ఆషాఢం చెప్పే పాఠం

ఈ విద్యలో ఏముందో తెలియాలంటే ఆషాఢం తగ్గింపు అమ్మకాలను చూస్తే చాలు. ఒక కొట్టు యజమాని చీర 600 రూపాయల చొప్పున 100 చీరలు కొన్నాడనుకుందాం. పెట్టుబడి 60,000. చీర 1,000కి అమ్మితే 40,000 మిగులుతుందని ఆయన అంచనా. పెళ్ళిళ్ళ రోజుల్లో 60 చీరలు పోయాయి. మిగతా 40 చీరలను ఆషాఢంలో సగం ధరకు, అంటే 500కు వదిలించుకున్నాడు. మొత్తం చేతికి వచ్చింది 80,000. కొట్టు అద్దె, జీతాలు, కరెంటు బిల్లు తీయకముందు మిగిలింది 20,000 మాత్రమే.

అదే యజమాని మొదట 70 చీరలే కొని వుంటే? పెట్టుబడి 42,000. 60 చీరలు అసలు ధరకు, పది చీరలు సగం ధరకు పోతే వచ్చేది 65,000. మిగులు 23,000. అంటే 18,000 తక్కువ పెట్టుబడితో 3,000 ఎక్కువ మిగిలింది. ఆ 18,000 అప్పు తెచ్చినదైతే వడ్డీ కూడా ఆదా.

ఇంకొక పొరపాటు వుంది. 600కు కొని 1,000కి అమ్మితే కొన్న ధర మీద లాభం సుమారు 67 శాతం. అమ్మిన ధర మీద చూస్తే అది 40 శాతమే. 67 శాతం లాభం వుంది కదా, 50 శాతం తగ్గించినా 17 శాతం మిగులుతుందిలే అనుకున్నవాడు 600 చీరను 500కు అమ్మి, చీరకు 100 చొప్పున నష్టపోతాడు. శాతం దేని మీద కట్టారో చూడకపోవడం వల్ల వచ్చిన నష్టమిది.

ఎన్ని చీరలు పోతాయో ముందే ఎలా తెలుస్తుంది? పూర్తిగా తెలియదు. కాని నిరుటి బిల్లులు, ఈ యేటి ముహూర్తాలు, పంటల రాబడి, గుమాస్తాల నోట వినే గిరాకీ కలిపి చూస్తే దగ్గరగా చెప్పవచ్చు. అలా చెప్పడమే మర్చండైజర్ పని. పెద్ద షాపుల్లో దీనికి ప్రత్యేకంగా ఉద్యోగులు వుంటారు. దుస్తుల ఫ్యాక్టరీల్లో మర్చండైజర్ అంటే మరొక అర్థం కూడా వుంది: కొనే కంపెనీ ఇచ్చిన ఆర్డరును నమూనా దశ నుంచి ఓడ ఎక్కేదాకా వెంటపడి పూర్తి చేయించేవాడు.

మగ్గం ఇంటికీ పనికివచ్చేదే

ఈ చదువు కొట్టువారికే గాని నేతవారికి కాదనుకుంటే పొరపాటు. చీరాల తేలియా రుమాళ్ళు ఒకప్పుడు సముద్రం దాటి అరబ్బు దేశాలకు వెళ్ళాయి. అక్కడివారు ఏ రంగు, ఏ కొలత కోరారో తెలిసి నేశారు కనుకనే అవి అమ్ముడుపోయాయి. నేడు చీరాల, వేటపాలెం పరిసరాల్లో కుప్పడం చీరలు నేసే ఇళ్ళలో ఏ రంగు వేయాలో, ఎన్ని నేయాలో సాధారణంగా మాస్టర్ వీవరే చెబుతాడు. నేసేవానికి కూలి గిట్టుబాటు కావడం, కాకపోవడం ఆ నిర్ణయం మీద ఆధారపడి వుంటుంది. సీజను తప్పి నేసిన చీర మగ్గం దిగినా డబ్బుగా మారదు. నేత ఇంట్లో ఒక బిడ్డ ఈ లెక్క నేర్చుకుంటే ఆ నిర్ణయంలో మాట చెల్లుతుంది.

పోస్టు కట్టల నుంచి ఫోను దాకా

ఇంటి దగ్గర చదివి పట్టా పొందడం తెలుగువారికి కొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనే కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో వెలిసింది. నాడు అది ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అందరూ ఇగ్నో అని పిలిచేది, వచ్చింది. నాటి విద్యార్థులు పోస్టులో వచ్చే పాఠాల కట్టలతో, రేడియో పాఠాలతో చదివి గుమాస్తాలు, టీచర్లు, అధికారులు అయ్యారు.

నేటి ఆన్‌లైన్ చదువులో పోస్టుమాన్ స్థానంలో ఫోను వచ్చింది. పాఠం వీడియోగా వస్తుంది. చదువుకునే పుస్తకం తెర మీద వుంటుంది. సందేహాలు రాసి అడగడానికి చోటు, తనను తాను పరీక్షించుకునే ప్రశ్నలు వుంటాయి. షాపులో పనివేళ పాఠం తప్పినా రాత్రి పెట్టుకుని వినవచ్చు.

మన దేశంలో మర్చండైజింగ్ అన్న పేరుతోనే పట్టా దొరకడం తక్కువ. రిటైల్ మేనేజిమెంటు ఎం.బి.ఎ., ఫ్యాషన్ మేనేజిమెంటు, రిటైలింగ్‌లో బి.బి.ఎ. వంటి పేర్లతో వెతకాలి. పేరు కన్నా లోపలి పాఠాలు ముఖ్యం. కొనుగోలు, ధర నిర్ణయం, సరుకు నిల్వ, అమ్మకాల అంచనా అన్న పాఠాలు వున్నాయో లేవో చూడాలి. హైదరాబాదులోని జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ వంటి చోట్ల ఫ్యాషన్ మేనేజిమెంటును కళాశాలకు వెళ్ళి చదవాలి. అది పూర్తికాలం చదువు. జీతం మీద ఇల్లు గడవవలసిన గుమాస్తాకు అది అందని పండే.

అమెరికా పట్టా, వీసా సంగతి

అమెరికాలో మర్చండైజింగ్ పేరుతోనే ఎం.ఎస్. పట్టాలున్నాయి. టెక్సాస్ రాష్ట్రం డెంటన్ పట్టణంలోని నార్త్ టెక్సాస్ విశ్వవిద్యాలయం ఈ పట్టాను ఆన్‌లైన్‌లో చదివే ఏర్పాటు చేసింది. తెలుగు విద్యార్థులు ఎందరో వెళ్ళి చదివే విశ్వవిద్యాలయమే అది.

ఇక్కడ తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. పూర్తిగా ఆన్‌లైన్‌లో సాగే కోర్సు మీద అమెరికా విద్యార్థి వీసా రాదు. ఆ వీసా తరగతి గదికి వెళ్ళి చదివేవారికే. "ఆన్‌లైన్ కోర్సులో చేర్పిస్తాం, వీసా వస్తుంది" అని ఎవరైనా చెబితే ఆ మాట నమ్మి పొలం తాకట్టు పెట్టరాదు. విదేశీ ఆన్‌లైన్ పట్టాతో ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగానికో, పై చదువుకో వెళ్ళదలిస్తే అది చెల్లుతుందా అన్నది కూడా చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. డాలర్లలో ఫీజు కట్టాక అడిగి లాభం లేదు.

చేరేముందు చూడవలసినవి

మన దేశంలో ఈ చదువులకు విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం, అంటే యు.జి.సి., 2020లో నిబంధనలు చేసింది. గుర్తింపు వున్న విశ్వవిద్యాలయం నుంచి, అనుమతి వున్న కోర్సులో పొందిన ఆన్‌లైన్ లేదా దూరవిద్య పట్టా కళాశాలకు వెళ్ళి చదివిన పట్టాతో సమానమని 2022లో మళ్ళీ స్పష్టం చేసింది. "ఇంటి దగ్గర చదివింది చెల్లదు" అనేవారి మాట నిజం కాదు. అయితే అనుమతి అన్న మాటలోనే కిటుకంతా వుంది.

మొదటిది, విశ్వవిద్యాలయానికి పేరు వుంటే సరిపోదు. చేరదలచిన కోర్సుకు, చేరే విడతకు అనుమతి వుండాలి. దూరవిద్యకు వున్న అనుమతి ఆన్‌లైన్‌కు వర్తించదు. యు.జి.సి. దూరవిద్యా విభాగం ఈ జాబితాను అందరూ చూసేలా వుంచుతుంది.

రెండవది, ఈ చదువులను ఫ్రాంచైజీలకు అప్పగించడాన్ని నిబంధనలు నిషేధించాయి. సందు చివర గదిలో బోర్డు పెట్టి "మా సెంటరులోనే అడ్మిషన్, పరీక్ష, పాసు" అనేవారిని నమ్మరాదు. ఫీజు విశ్వవిద్యాలయం ఖాతాలోనే కట్టి రసీదు తీసుకోవాలి.

మూడవది, పాసు గ్యారంటీ, పరీక్ష లేకుండా పట్టా, వెనుకటి తేదీతో సర్టిఫికెట్ అన్న మాటలు వినపడితే అక్కడినుంచి లేచి రావడం మంచిది. అటువంటి కాగితం ఉద్యోగం తేకపోగా పోలీసు కేసు తెస్తుంది.

నాలుగవది, 2024 నుంచి ఈ కోర్సుల్లో చేరే విద్యార్థి తన పేరు యు.జి.సి. దూరవిద్యా విభాగంలో నమోదు చేసుకుని ఒక గుర్తింపు సంఖ్య పొందవలసి వుంది. ఆ పని విద్యార్థే చేసుకోవాలి. ఆధార్, ఫోను, ఓ.టి.పి. దళారి చేతికి ఇవ్వరాదు.

రోజుకు మూడు గంటలు

ఇంటి దగ్గర చదువు కనుక తేలిక అనుకోవడం మరో పొరపాటు. ఇగ్నో లెక్క ప్రకారం ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల పేపరుకు 120 గంటలు. ఆరు నెలల విడతలో అటువంటివి ఐదు పేపర్లుంటే 600 గంటలు. 26 వారాలకు పంచితే వారానికి 23 గంటలు, రోజుకు మూడు గంటలకు పైమాటే.

రాత్రి తొమ్మిదిన్నరకు షాపు కట్టి, ఊరికి ఆటో పట్టుకుని, అన్నం తిని కూర్చునే కుర్రవానికి ఆ మూడు గంటలు ఎక్కడివి? ఇంటెడు చాకిరీ ముగించుకుని కూర్చునే కోడలికి ఎక్కడివి? చదువు మధ్యలో మానేసేవారు తెలివి లేక కాదు, వేళ లేక మానేస్తారు. కనుక చేరేముందే ఇంట్లో వారితో మాట్లాడుకుని, తెల్లవారుజామున ఏ రెండు గంటలు, వారపు సెలవులో ఏ పూట అన్నది తేల్చుకోవడం మంచిది. కాలపరిమితి ఎక్కువ వున్న కోర్సు ఎంచుకుని నిదానంగా పూర్తిచేయడం కూడా తప్పు కాదు. పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే వుంటాయి. తెలుగు మాధ్యమంలో చదివినవారు మొదటి ఆరు నెలలు కష్టపడవలసి వుంటుంది. అయితే వినే ప్రతి మాటకూ కొట్లో కళ్ళెదుట ఉదాహరణ వుండడం వారికి కలిసివచ్చే సంగతి.

పట్టా వస్తే ఉద్యోగం వచ్చి తీరుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పని తెలిసినవాడికి పట్టా తోడైతే విలువ. పని చేయకుండా తెచ్చుకున్న పట్టా గోడకు వేలాడదీయడానికే.

ఊళ్ళో కావలసింది

వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనం గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. చదువుకునే చోటు ఊరి ఆస్తి అని నూరేళ్ళ కిందటే గుర్తించిన ప్రాంతమిది. నేడు ప్రతి మండలంలోని గ్రంథాలయంలో రాత్రి పది వరకు ఒక దీపం, ఒక బల్ల, ఇంటర్నెట్ వుంటే ఇరుకు ఇళ్ళలోని విద్యార్థులకు ఎంతో మేలు. విశ్వవిద్యాలయాలు పరీక్షా కేంద్రాలను దగ్గర పట్టణాల్లో పెడితే ఆడపిల్లలకు ప్రయాణం తప్పుతుంది.

షాపు యజమానులు చేయగలిగిందీ వుంది. వారానికి ఒక రోజు సెలవు చట్టం ఇచ్చిన హక్కే. దానికి తోడు పరీక్షల రోజుల్లో సెలవు ఇచ్చి, ఒక్కసారి సూరత్ ప్రయాణంలో ఆ గుమాస్తాను వెంటబెట్టుకు వెళితే అతని చదువుకు అంతకు మించిన ప్రాక్టికల్ లేదు. వచ్చే ఆషాఢంలో సగం ధరకు పోవలసిన చీరలు నలభై నుంచి పదికి తగ్గితే లాభపడేది యజమానే.