గ్యాస్ అయిపోయిందా... కొలిచి చూపించమనండి!

ఎండలు ముదిరాక ఏసీ మొరాయిస్తే మెకానిక్ చెప్పిందే జబ్బు, అడిగిందే రేటు. ఉక్కపోతకు తాళలేక సరేనంటాం. నెల తిరిగేసరికి ఏసీ మళ్లీ మొదటికొస్తుంది. బిల్లులో అవసరమెంతో, అదనమెంతో తేల్చుకోవడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. కొన్ని కొలతలు అడగడం తెలిస్తే చాలు.

‘గ్యాస్ అయిపోయింది సార్, నింపాలి.’

ఏసీ ఉన్న ఇంట్లో ఏదో ఒక వేసవిలో ఈ మాట వినపడే ఉంటుంది. కానీ అయిపోవడానికి అది వంటగ్యాస్ కాదు. ఏసీలో గ్యాస్ ఖర్చు కాదు. రాగి గొట్టాల్లో తిరుగుతూ గదిలోని వేడిని పట్టుకెళ్లి బయట వదిలేస్తుంది, చల్లబడి మళ్లీ లోపలికొస్తుంది. ఎక్కడా లీకు లేకపోతే ఫ్యాక్టరీలో నింపిన గ్యాస్ పదేళ్లయినా అలాగే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆ చోటు కనిపెట్టి మూయకుండా మళ్లీ నింపితే, మనం డబ్బిచ్చి కొన్నది గాల్లో కలిసిపోతుంది.

ఏసీ రిపేర్లలో ఎక్కువ డబ్బు పోయేది రేటు దగ్గర కాదు, జబ్బును తేల్చే దగ్గర. ఫిల్టర్‌లో దుమ్ము ఉంటే గ్యాస్ నింపుతారు. కెపాసిటర్ పోతే కంప్రెసర్ మార్చాలంటారు. వైరు వదులైతే బోర్డు కాలిపోయిందంటారు. బేరమాడి ఐదొందలు తగ్గించుకున్నామని మనం సంతోషపడతాం. అసలు ఆ పనే అక్కర్లేదన్న సంగతి మాత్రం తెలియదు. అందుకే ఏ మెకానిక్‌నైనా ముందుగా అడగాల్సింది ‘ఎంతవుతుంది?’ అని కాదు, ‘ఏం కొలిచారు?’ అని.

ఫోన్ చేసే ముందు

చల్లదనం తగ్గగానే ఫోన్ తీయకుండా ముందు ఫిల్టర్లు తీసి చూడండి. దుమ్ము పేరుకుంటే గాలి ఆడదు, లోపలి కాయిల్ మీద మంచు కడుతుంది. గ్యాస్ తగ్గినా మంచే కడుతుంది. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి పొరపాటుకీ మోసానికీ కూడా అక్కడ చోటుంది. ఫిల్టర్లు కడిగి ఆరబెట్టి, మంచు పూర్తిగా కరిగాక ఏసీ వేయండి. చల్లదనం తిరిగొస్తే ఖర్చు సున్నా. రిమోట్ పొరపాటున ఫ్యాన్ మోడ్‌లోకో, డ్రై మోడ్‌లోకో వెళ్లిందేమో, స్టెబిలైజర్ ఎంత వోల్టేజీ చూపిస్తోందో కూడా ఒకసారి గమనించండి. బయటి యూనిట్ వెనక ఆకులూ దుమ్మూ పేరుకున్నా, దాన్ని గోడకు మరీ ఆనించి బిగించినా వేడి బయటకు పోదు.

ఇంట్లో చిన్న డిజిటల్ థర్మామీటర్ ఉంటే ఇంకో పరీక్ష చేయొచ్చు. కూల్ మోడ్‌లో, తక్కువ ఉష్ణోగ్రతకు పెట్టి పావుగంట నడపండి. ఏసీలోకి వెళ్లే గాలి, బయటకొచ్చే గాలి రెండూ కొలవండి. మధ్య తేడా 8 నుంచి 12 డిగ్రీలుంటే యంత్రం తన పని తాను చేస్తున్నట్టే. అప్పటికీ గది చల్లబడకపోతే లోపం గదిలో వెతకాలి. పై అంతస్తు స్లాబు, పడమటి గోడ, తెర లేని కిటికీ, పెద్ద హాలుకు ఒక టన్ను ఏసీ... వీటికి గ్యాస్ మందు కాదు.

ఏసీ నుంచి నీళ్లు కారుతున్నాయంటే చాలావరకు డ్రెయిన్ పైపులో నాచు అడ్డుపడి ఉంటుంది, లేదా యూనిట్ వాలు సరిగా ఉండదు. పైపు శుభ్రం చేస్తే పోయేదానికి ‘కాయిల్ పోయింది’ అన్నారంటే అనుమానించాల్సిందే.

గ్యాస్‌కి కాటా కావాలి

ఏసీ బయటి యూనిట్ పక్కన నేమ్‌ప్లేటు ఉంటుంది. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది దాని మీద రాసి ఉంటుంది. పాత ఏసీల్లో ఆర్-22, తర్వాతి వాటిలో ఆర్-410ఎ, ఇప్పుడొస్తున్న చాలావాటిలో ఆర్-32. ఓజోన్ పొరకు హాని చేసే ఆర్-22 వాడకాన్ని మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దేశాలు దశలవారీగా తగ్గిస్తున్నాయి. ఒకదాని బదులు ఇంకోటి నింపడానికి వీల్లేదు. వాటి పీడనాలు వేరు, అవి అడిగే నూనె వేరు. పైగా ఆర్-32కి కొద్దిగా మండే గుణం ఉంది. ‘ఏ గ్యాసైనా ఒకటే’ అనే మనిషి చేతికి ఏసీ అప్పగించకండి.

మామూలుగా మెకానిక్ గేజీ తగిలించి, ముల్లు చూపించి ‘తక్కువుంది’ అంటాడు. ఆ ఒక్క అంకెతో తేల్చలేం. ఆర్-22 ఏసీ నడుస్తున్నప్పుడు గేజీ 60-70 పీఎస్‌ఐ దగ్గర ఉండటం మామూలు. ఆర్-32, ఆర్-410ఎ అయితే 110కి పైనే ఉంటుంది. బయట ఎండను బట్టి, కాయిల్ మీది దుమ్మును బట్టి కూడా అది మారుతుంది. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం ఎప్పటికప్పుడు మారుతుంటుంది కాబట్టి ముల్లు కూడా దాంతోపాటే కదులుతుంది.

సరైన పద్ధతికి ఒక క్రమముంది. ముందు లీకు వెతకాలి. కీళ్ల దగ్గర నూనె మరక కనిపిస్తే అదో ఆనవాలు. నైట్రోజన్‌తో పీడనం పెట్టి సబ్బునురగ రాస్తే లీకున్న చోట బుడగలొస్తాయి. ఆ పీడనం తగ్గకుండా నిలిస్తేనే అతుకు గట్టిగా ఉన్నట్టు. తర్వాత వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలినీ తేమనూ లాగేయాలి. ఆఖరున సిలిండర్‌ను కాటా మీద పెట్టి నేమ్‌ప్లేటు చెప్పినన్ని గ్రాములు ఎక్కించాలి. ప్లేటు మీద 750 గ్రాములుంటే కాటా మీద సిలిండర్ అంతే తగ్గాలి. కాటా లేకుండా ‘ఫుల్ గ్యాస్’ అని బిల్లేస్తే, కిలో చెప్పి పావుకిలో నింపినా మనకు తెలిసే దారి లేదు. పీడనం కోసం నైట్రోజన్ బదులు ఆక్సిజన్ వాడబోతే వెంటనే ఆపేయండి. నూనెతో కలిస్తే అది పేలుతుంది.

‘కంప్రెసర్ పోయింది’ అంటే

ఈ మాట వినగానే గుండె జారుతుంది. కొత్త ఏసీ కొనేద్దామా అన్న ఆలోచన వచ్చేది ఇక్కడే. కాస్త ఆగండి. ఇన్వర్టర్ కాని ఏసీలో బయటి ఫ్యాను తిరుగుతూ, కంప్రెసర్ మాత్రం మూలిగి ఆగిపోతుంటే మొదట అనుమానించాల్సింది కెపాసిటర్‌ని. దాని ఖరీదు వందల్లో ఉంటుంది, కంప్రెసర్‌ది వేలల్లో. కెపాసిటర్ మీద 35, 45, 50 అంటూ మైక్రోఫారడ్ల అంకె ఉంటుంది. మీటర్ పెడితే ఆ అంకెకు దగ్గరగా చూపించాలి. 50 ఉండాల్సిన చోట 30 చూపిస్తే దొంగ దొరికినట్టే. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్‌కు ఇలాంటి కెపాసిటర్ ఉండదు. ఉందని బిల్లు వేస్తే అడగాల్సిందే.

కంప్రెసర్ నిజంగా పోయిందా అన్నదానికీ కొలత ఉంది. కరెంటు ఆపి, దాని మూడు టెర్మినళ్ల మధ్య మల్టీమీటర్‌తో ఓమ్స్ చూస్తారు. ఇన్వర్టర్ కానిదైతే రెండు చిన్న అంకెలు కలిపితే పెద్ద అంకె రావాలి. ఇన్వర్టర్‌దైతే మూడూ సమానంగా ఉండాలి. ఏ టెర్మినల్‌కూ కంప్రెసర్ బాడీతో కనెక్షన్ కనిపించకూడదు. ఇది మీరు చేయొద్దు, కెపాసిటర్‌లో కరెంటు నిలవుండి షాక్ కొడుతుంది. మెకానిక్ చేస్తుంటే పక్కన నిలబడి అంకెలు రాసుకుంటే చాలు.

ఇన్వర్టర్ ఏసీలు వచ్చాక ‘పీసీబీ కాలింది’ అన్న మాట ఎక్కువగా వినిపిస్తోంది. కొత్త బోర్డుకు వేలల్లో అవుతుంది. బోర్డులు పోతాయి, కాదనలేం. వోల్టేజీ ఎగుడుదిగుళ్లు, బయటి యూనిట్‌లో దూరే బల్లులు, ఎలుకలు కొరికిన వైర్లు అందుకు కారణాలు. కానీ ఏసీ చూపించే ఎర్రర్ కోడ్‌కు అర్థం మాన్యువల్‌లోనే ఉంటుంది. చాలా కోడ్‌లు సెన్సర్ లోపాన్నో, లోపలి, బయటి యూనిట్ల మధ్య వైరు తెగడాన్నో చెబుతాయి. సెన్సర్, వైరు చూడకుండా నేరుగా బోర్డు మార్చాలన్నారంటే ఆగండి. బోర్డే పోయినా అందులోని విడిభాగాలు మార్చి బాగుచేసే పనివాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో ఆ విడిభాగాలూ దొరుకుతాయి.

మార్చిన ప్రతి పాత భాగాన్నీ ఇంట్లోనే ఉంచమనండి. ఒకటి, అసలు మార్చారో లేదో తెలుస్తుంది. రెండు, రాగికీ కంప్రెసర్‌కూ తుక్కు ధర ఉంది. మెకానిక్ తీసుకెళితే ఆ మేరకు బిల్లు తగ్గాలి. కంపెనీ వారంటీ కింద మార్చినప్పుడు మాత్రం పాత భాగం కంపెనీకి వెళ్లడం మామూలే.

ఇల్లు మారేటప్పుడు

అద్దె ఇళ్లవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఏసీ విప్పేముందు గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి లాగి బంధించాలి. దీన్ని పంప్ డౌన్ అంటారు. ఏసీ నడుస్తుండగా సన్న గొట్టం వాల్వు మూసి, గ్యాస్ వెనక్కి చేరాక లావు గొట్టం వాల్వు మూసేస్తారు. నిమిషాల్లో అయ్యే పని. ఇది చేయకుండా గొట్టాలు విప్పేస్తే బుస్సుమంటూ గ్యాస్ మొత్తం పోతుంది. కొత్త ఇంట్లో ‘గ్యాస్ లేదు’ అని నింపినందుకు మళ్లీ డబ్బు కడతాం. విప్పేటప్పుడు దగ్గరుండి ‘పంప్ డౌన్ చేశారా?’ అని అడగండి. కొత్త ఇంట్లో బిగించాక వాక్యూమ్ పంపు వాడమనండి. ఉన్న గ్యాస్‌నే కాస్త వదిలి గాలిని తోసేసే పాత అలవాటు వల్ల గ్యాస్ తగ్గుతుంది, తేమ లోపలే మిగిలిపోతుంది. అదనపు రాగి గొట్టానికి అడుగుల లెక్కన తీసుకుంటారు కాబట్టి టేపు మీరే పట్టండి.

కాగితం మీద మీ హక్కు

కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ అని ప్రకటనల్లో చూసి కొంటాం. అది చాలాసార్లు కంప్రెసర్‌కే పరిమితం. గ్యాస్, కూలీ, రవాణా మనమీదే పడొచ్చు. ఏడాది నిర్వహణ ఒప్పందం తీసుకుంటే గ్యాస్, విడిభాగాలు అందులో ఉన్నాయా, లేక సర్వీసింగ్ వరకేనా అన్నది సంతకానికి ముందే చదవాలి.

ప్యాకెట్‌లో వచ్చే విడిభాగం మీద ఎమ్మార్పీ ఉంటుంది, అంతకు మించి తీసుకోకూడదు. బిల్లులో విడిభాగం, కూలీ, జీఎస్టీ వేర్వేరుగా రాయించుకోండి. జీఎస్టీ వసూలు చేస్తే బిల్లు మీద ఆ నంబర్ ఉండాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవకు బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే ఫిర్యాదు చేయొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల్లోపైతే ఫీజు కూడా లేదు.

ఇంకో ప్రమాదం ఫోన్ నంబర్లతోనే మొదలవుతుంది. ఇంటర్నెట్‌లో కంపెనీ పేరు కొట్టి, ముందు కనిపించిన కస్టమర్ కేర్ నంబర్‌కు ఫోన్ చేస్తే అది కంపెనీది కాకపోవచ్చు. వారంటీ కార్డు మీదో, కంపెనీ యాప్‌లోనో ఉన్న నంబరే వాడండి. ముందే డబ్బు పంపమన్నా, ఫోన్‌లో ఏదైనా యాప్ వేయమన్నా పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. కంపెనీ మనిషే వచ్చినా, పని పూర్తయిందని నిర్ధారించే ఓటీపీని ఏసీ చల్లబడ్డాకే ఇవ్వండి.

ఒప్పుకునే ముందు అడగండి

* ఏ లోపం? ఏ మీటర్‌తో కొలిచారు? అంకె ఎంత?
* గ్యాస్ తగ్గితే లీకు ఎక్కడ? నైట్రోజన్ పరీక్ష చేస్తారా?
* వాక్యూమ్ పంపు, కాటా వెంట ఉన్నాయా?
* విడిభాగం కొత్తదా, బాగుచేసిందా? దానికి వారంటీ ఎన్ని నెలలు?
* మొత్తం ఎంతో పని మొదలెట్టకముందే రాసిస్తారా?

చూసినందుకు డబ్బులివ్వండి

ఇక మన వైపు నుంచి ఒక మాట. మండుటెండలో మూడో అంతస్తు గోడ బయట వేలాడే యూనిట్ దగ్గరికి, చాలాసార్లు తాడు కూడా లేకుండా దిగేది ఆ మెకానిక్కే. అలాంటి మనిషి ‘చూసినందుకు మూడొందలు’ అంటే ‘చూసినందుకే డబ్బులా?’ అని మనం విసుక్కుంటాం. పరీక్షకు డబ్బు రాదని తెలిశాక అతను దాన్ని గ్యాస్‌లోనో, బోర్డులోనో రాబట్టుకుంటాడు. నిజాయతీగా ‘కెపాసిటర్ ఒక్కటే పోయింది’ అని చెప్పినవాడికి నష్టం, కంప్రెసర్ మార్పించినవాడికి లాభం అయితే ఆ తప్పులో మన వాటా కూడా ఉంది. కొలిచి, కారణం చెప్పి, అక్కర్లేని పని చేయనివాడి కూలీ దగ్గర గీసిగీసి బేరమాడకండి. పనితనం నచ్చితే నంబర్ దాచుకోండి, ఇరుగుపొరుగుకీ ఇవ్వండి.

చలి శివశివా అంటూ వెళ్లిపోయే శివరాత్రి రోజుల్లోనే ఆ మనిషిని పిలిపించుకోండి. రోహిణి కార్తెలో అతనికి ఊపిరి సలపదు, మనకు ఎంచుకునే వీలుండదు. సర్వీసింగ్ అయ్యాక తేదీ, ఏసీ తీసుకున్న ఆంపియర్లు, ఏసీలోకి వెళ్లే గాలికీ బయటకొచ్చే గాలికీ మధ్య ఉష్ణోగ్రత తేడా, గ్యాస్ నింపితే ఎన్ని గ్రాములు... ఇవన్నీ వారంటీ కార్డు వెనక రాయించండి. వచ్చే ఏడాది ఎవరొచ్చి ‘గ్యాస్ అయిపోయింది’ అన్నా, ఆ అంకెల పక్కన కొత్త అంకెలు రాయమని కార్డు చేతికివ్వండి. తేడా కనిపిస్తేనే జేబులో చెయ్యి పెట్టండి.