డ్యూటీ చార్టు ఎవరి చేతిలో వుంది?

నర్సుల గురించి మాట్లాడేటప్పుడు ‘సేవ’ అనే మాట ముందుగా వస్తుంది. సేవ అన్నాక గంటలు లెక్కపెట్టగూడదు గదా! ఆ లెక్క అడగనివ్వకుండా చెయ్యడానికే ఈ మాట బాగా పనికొస్తున్నది.

కోస్తా ఆంధ్రలో నర్సింగు చరిత్ర మాల, మాదిగ క్రైస్తవ కుటుంబాల చరిత్రతో కలిసే నడిచింది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ మిషన్ ఆస్పత్రి తెరిచింది. ఇట్లాంటి మిషన్ ఆస్పత్రులు ఆడపిల్లలకు నర్సు పని నేర్పాయి. రక్తం, చీము, మలమూత్రాలు మైల అనుకున్న కులాలు తమ పిల్లల్ని ఆ పనికి పంపలేదు. అంటరానివాళ్లన్న ఇళ్లనుంచి వచ్చిన ఆడపిల్లలే రోగిని ముట్టుకున్నారు. రాత్రిళ్లు పనికిపోయే ఆడది అన్న నిందనూ వాళ్లే మోశారు.

ఇప్పుడు డ్యూటీల సంగతి చూద్దాం. చాలా ప్రభుత్వ ఆస్పత్రుల్లో పొద్దున 8 నుంచి 2, 2 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా మూడు షిఫ్టులు. రాత్రి షిఫ్టు ఒక్కటే 12 గంటలు. షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య కనీసం 12 గంటల విశ్రాంతి వుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లోనే సిఫారసు చేసింది. రాత్రి 8కి దిగి మర్నాడు 8కి ఎక్కితే కాగితం మీద 12 గంటలూ సరిపోతాయి. చార్జి అప్పజెప్పడం, బస్సు కోసం నిలబడడం, ఇంటికొచ్చి వంట చెయ్యడం, తెల్లారకముందే లేచి పిల్లల్ని తయారుచెయ్యడం ఆ కాగితం మీద కనబడవు.

బర్నవుట్ అనేదాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పనివల్ల వచ్చే స్థితిగా గుర్తించింది. దానికి మూడు గుర్తులు: సత్తువ అయిపోవడం, పనిమీద మనసు విరిగిపోవడం, చేసేది సరిగా చెయ్యలేకపోతున్నామనిపించడం. ‘సిస్టరు కసురుకుంటుంది’ అని మన పేటలనుంచి వెళ్లిన రోగులు అంటారు. నిద్రలేని నర్సు, దిక్కులేని రోగి ఎదురెదురు పడతారు. చార్టు వేసిన వ్యవస్థ మాత్రం ఎవరికీ కనిపించదు.

2012లో అమెరికాలో 22 వేలమందికి పైగా నర్సులమీద ఒక అధ్యయనం అచ్చయింది. పొడుగు షిఫ్టులు చేసేవాళ్లలో బర్నవుట్, అసంతృప్తి ఎక్కువ. అయినా నూటికి 80 మందికి పైగా తమ డ్యూటీ వేసే పద్ధతి బాగుందన్నారు! వారానికి మూడు పొడుగు షిఫ్టులు చేస్తే మిగతా రోజులు ఇంటికి దొరుకుతాయి. కాబట్టి ‘నచ్చింది’ అన్న మాటను ‘అలిసిపోలేదు’ అని చదవగూడదు. మన దగ్గరా పగలు పిల్లల్ని చూసుకోవచ్చని రాత్రి డ్యూటీ అడిగే తల్లులున్నారు. అది ఇష్టం కాదు, ఇంటి చాకిరీ చేసిన బలవంతం.

ఆ పాటి అడిగే వీలు కూడా అందరికీ లేదు. పర్మినెంటు నర్సు కాదనగలదు. కాంట్రాక్టు నర్సు కాదంటే రెన్యువల్ భయం. పర్మినెంటు పోస్టు దగ్గరకొచ్చేసరికి క్రైస్తవం తీసుకున్న మాల, మాదిగలకు ఎస్సీ హోదా లేదు. బి.సి.-సి కింద వున్నది 1 శాతం. ప్రైవేటులో 200 పడకలు దాటిన ఆస్పత్రులు ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతమివ్వాలనీ, పని గంటలూ సెలవులూ ప్రభుత్వంలో లాగే వుండాలనీ సుప్రీంకోర్టు చెప్పగా వేసిన కమిటీ 2016లో అన్నది. అది సిఫారసు మాత్రమే.

అసలు మనుషులు లేకపోతే ఏ చార్టూ న్యాయంగా వుండదు. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకొక నర్సు, మిగతా చోట్ల అయిదుగురికొకరు వుండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. రాత్రిపూట వార్డంతటికీ ఒక్క నర్సు వుండడం మనం చూస్తున్నదే.

కాబట్టి జీతంతోపాటు చార్టు గురించి కూడా అడగాలి. అది నెల ముందే గోడమీద పెట్టాలి. రాత్రి డ్యూటీల వంతు కాంట్రాక్టు, పర్మినెంటు తేడా లేకుండా రాసి వుండాలి. రాత్రులయ్యాక సెలవు, రానుపోను బండి హక్కుగా రావాలి. ఖాళీలు నింపాలి. చార్టు వేసే చోట కాంట్రాక్టు నర్సులు కూడా కూర్చోవాలి. పని గంటల్ని ఎవరు పంచుతారన్నది కూడా అధికారం ప్రశ్నే.