తాహితి ఆటుపోట్లు, అలలు

తాహితి దక్షిణ పసిఫిక్ మహాసముద్రములో, ఫ్రెంచి పాలినేషియాకు చెందిన అగ్నిపర్వత ద్వీపము. ఇక్కడి ఆటుపోట్లు విచిత్రమైనవి. సాధారణముగా పోటు చంద్రుని గమనమును అనుసరించి రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. తాహితి పరిసరాలలో చంద్రుని వలన కలిగే పోటు చాలా బలహీనము. సూర్యుని ప్రభావమే పైచేయి. అందువలన ప్రతిదినమూ ఇంచుమించు మధ్యాహ్నము, అర్ధరాత్రి వేళలలోనే పోటు వస్తుంది. నీటిమట్టములో తేడా సుమారు 30 సెంటీమీటర్లు మాత్రమే.

అలల సంగతి వేరు. మే నుండి అక్టోబరు వరకు, సుదూర దక్షిణ మహాసముద్రపు తుఫానులలో పుట్టిన అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి, నైరుతి తీరములోని టియాహుపో గ్రామము వద్ద లోతైన జలము నుండి ఒక్కసారిగా పగడపు దిబ్బపై విరుగుతాయి. దిబ్బపై నీరు బహు తక్కువ కావున, పడినవారికి పదునైన పగడముల వలన తీవ్ర గాయాలు కాగలవు. 2024 ఒలింపిక్స్ సర్ఫింగ్ పోటీలు ఇక్కడే జరిగినవి. నవంబరు నుండి ఏప్రిల్ వరకు వానాకాలము.