మీకు తెలుసా? బిగుసుకుపోయిన విండో అసలుది కాదు!

విండోస్‌లో ఏదైనా ప్రోగ్రామ్ బిగుసుకుపోయి, పైన ‘నాట్ రెస్పాండింగ్’ అని పడినప్పుడు మీకు కనిపించేది ఆ ప్రోగ్రామ్ విండో కాదు. 5 సెకన్లపాటు అది మౌస్, కీబోర్డ్ సందేశాలను పట్టించుకోకపోతే, విండోస్ దాన్ని దాచేసి అచ్చం అలాంటి నకలును అక్కడ నిలబెడుతుంది. పేరు ‘ఘోస్ట్ విండో’. జరపడానికీ మూసేయడానికీ తప్ప పెద్దగా పనికిరాదు!

తప్పు చాలాసార్లు కోడ్‌దే. పెద్ద ఫైలు చదివే పనిని, డేటాబేస్‌లో వెతికే పనిని తెరను చూసుకునే మెయిన్ థ్రెడ్‌కే అంటగట్టి ఉంటారు. పట్టుకోవడం తేలికే: విజువల్ స్టూడియో డీబగ్గర్‌లో నడుపుతూ, బిగుసుకోగానే ‘బ్రేక్ ఆల్’ నొక్కి మెయిన్ థ్రెడ్ కాల్ స్టాక్ చూడండి. ఆ పనిని వేరే థ్రెడ్‌కు మార్చండి. అక్కడి నుంచి మాత్రం లేబుల్‌నో టెక్స్ట్‌బాక్స్‌నో నేరుగా ముట్టుకోవద్దు. విండోస్ ఫామ్స్‌లో ‘ఇన్వోక్’ లాంటి పద్ధతుల ద్వారానే వెళ్లాలి.