పాత కారునకు కళాయి

ఇత్తడి గిన్నెకు కళాయి వేయువాడు మొదటనే తగరమును చేతబట్టడు. గిన్నెను బాగుగా తోమి, చిలుము వదలించి, నిప్పుపై కాచి, నవాసాగరపు పొడి చల్లిన పిమ్మటనే తగరము పూయును. మురికిపై వేసిన కళాయి నిలువదని ఇల్లాండ్రందరకును తెలిసినదే. పాత కార్ల పెట్రోలు టాంకుల విషయమునను ఈ న్యాయమే వర్తించును.

ఏలూరునకు, తాడేపల్లిగూడెమునకు నడుమ జాతీయ రహదారిపై భీమడోలు ఉన్నది. దానికి దక్షిణమున కొల్లేరు. ఈ ప్రాంతపు గాలిలో తేమ హెచ్చు. 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడరును ఇట్టి చోట అపురూపముగా దాచుకొన్నవారికి ఒక చిక్కు కలదు. కారు కదలక, టాంకు సగము ఖాళీగా నున్నచో, ఆ ఖాళీలోని తేమ రాత్రి చల్లదనమునకు నీరై దిగును. నీరు పెట్రోలుకన్న బరువు గనుక అడుగుననే నిలిచి రేకును తినివేయును.

దీనికి తోడు ఇథనాలు వచ్చినది. 2003లో ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రములలో దానిని పెట్రోలున 5 శాతము కలుపుట ప్రారంభమైనది; 2025 నాటికి అది 20 శాతమునకు చేరినది. చెరకు మడ్డి నుండియు, ధాన్యము నుండియు తీయు ఈ ద్రవము రైతునకు మేలు చేయునదే. కాని నీటిని పీల్చుకొనుట దాని స్వభావము. ఆ నీరు హద్దు మీరినచో, ఇథనాలును తనతో చేర్చుకొని పెట్రోలునుండి విడివడి అడుగునకు దిగును.

అట్లయిన టాంకులోపల రసాయనపు పూత పూయించుటయే మార్గమా? తొందర తగదు. ఆ కాలపు ఉక్కు టాంకులను సీసము, తగరము కలిసిన పూతగల రేకుతో చేయుట అనేక దేశములలో వాడుకగా నుండెను. అనగా కర్మాగారముననే ఒక విధమైన కళాయి జరిగినదన్నమాట. రేకు గట్టిగా నుండి తుప్పు పైపైననే యున్నచో, ఘాటైన ఆమ్లముతో కడుగుట ఆ పాత రక్షణను కూడ పోగొట్టును. అట్టి టాంకును మెల్లగా శుభ్రపరచి, తడి లేకుండ ఆరబెట్టి, పెట్రోలు నిండుగా నుంచి, కారును తరచుగా నడుపుటయే మేలు.

సూదిమొనవంటి రంధ్రములు పడి, మారుటాంకు దొరకనపుడు లోపూత అక్కరకు వచ్చును. కాని తుప్పుగాని, జిడ్డుగాని, తడిగాని ఏమాత్రము మిగిలినను పూత పొరలుగా లేచి గొట్టములకు అడ్డుపడును. కారు నడిరోడ్డున నిలుచును. ఇథనాలునకు తాళని పూత మెత్తబడి ఊడును. ఒకసారి పూసినదానిని పూర్తిగా తీయుటయు సులభము కాదు.

రేకు జల్లెడవలె నైనచో పూత దానిని నిలుపజాలదు. కొత్త రేకు అతికింపవలసినదే. ఖాళీ టాంకే గదా యని వెల్డింగునకు పూనుకొనరాదు. లోపల మిగిలిన ఆవిరికి నిప్పు తగిలి టాంకు పేలినచో ప్రాణములకే ముప్పు. ఆ పని తెలిసినవారికే అప్పగింపవలెను.

కావున టాంకును దింపి, దీపముతో గాక టార్చి వెలుగున, అడుగు రేకును చూచిన పిదపనే నిర్ణయము చేయవలెను. పూత గట్టి రేకును కాపాడగలదు గాని, చెడిన రేకును బాగుచేయజాలదు.