చైను బిగిస్తే వారంటీ పోతుందా?

పాల క్యాన్లు మోసే బండికి విశ్రాంతి ఉండదు. షోరూం చూస్తే పట్టణంలో ఉంటుంది. ఇంటి వద్దే రెంచీ పట్టుకుంటే వారంటీ రద్దవుతుందేమోనన్న భయం పల్లెల్లోని వాహనదారుల్లో కనిపిస్తోంది.

ఈ భయం చాలావరకు అనవసరం. చైను శుభ్రం చేసి నూనె పట్టించడం, గాలి సరిచూడటం, బ్రేకు సర్దుకోవడం వంటివి యజమాని చేసుకోదగిన పనులుగా బండితో ఇచ్చే పుస్తకంలోనే సాధారణంగా ఉంటాయి. ఎయిర్ ఫిల్టరు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. నూనె పూత కలిగిన కాగితపు ఫిల్టరును దులపరాదు, మార్చాల్సిందే.

అసలు చిక్కు ఉచిత సర్వీసు కూపన్ల వద్ద వస్తుంది. కిలోమీటర్లు, రోజులు.. ఏది ముందు నిండితే అదే గడువు. బండి ఎక్కువగా తిరగలేదు కదా అని ఊరుకుంటే వారంటీకే ఎసరు. ఉచితమన్నది పనికూలీకే, ఆయిల్ సొమ్ము చెల్లించి రసీదు దాచుకోవాలి.

అదనపు లైట్ల కోసం వైరింగ్ కత్తిరించినా విద్యుత్ భాగాలపై వారంటీని తిరస్కరించే వీలుంటుంది. గేర్ల మోటారు సైకిళ్లలో క్లచ్ ప్లేట్లు సాధారణంగా ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కార్ల ఆయిల్ పోస్తే అవి జారిపోవచ్చు. డబ్బాపై 'జాసో ఎంఏ' లేదా 'ఎంఏ2' గుర్తు, పుస్తకంలో చెప్పిన గ్రేడు చూసి కొనాలి.

డీలరు వారంటీ నిరాకరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా అడగాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన ధర రూ.5 లక్షలు దాటకుంటే ఫిర్యాదు రుసుము లేదు. సలహాకు జాతీయ హెల్ప్‌లైన్ 1915.