మట్టి గ్రుడ్లు: మన పిల్లలకొక చేతిపని

వేసవి సెలవులు వచ్చినతోడనే పల్లెలలోని పిల్లలు చెట్లవెంటను, చేలగట్లవెంటను పక్షిగూళ్ళు వెదకుచు తిరుగుట మన మెఱిగినదే. బాల్యమున మేమును ఈ తప్పు చేసినవారమే. పాఠశాలలోని ప్రకృతిపాఠమునకని యొక పెట్టెలో ఊక పోసి, దొరకిన గ్రుడ్లనెల్ల అందు కూర్చుచుంటిమి. ఒకనాడు దుక్కిచేనిలో తీతువుపిట్ట గ్రుడ్లు నాలుగు కానవచ్చెను. వానిని తెచ్చితిమి. ఆ పిట్టల జంట మూడు దినములు ఆ చేనిమీదనే కూయుచు తిరిగినది. వారము తిరుగకమునుపే పెట్టె కంపుకొట్టగా గ్రుడ్లను పెంటకుప్పలో పాఱవేసితిమి. అవి మాకును దక్కలేదు, పక్షికిని మిగులలేదు.

రైతునకు ఈ నష్టము చిన్నది కాదు. పసులపోలిగాడు చేనిలో గొంగళిపురుగులను, మిడుతలను ఏరి తినును. పైరులో అచ్చటచ్చట కొమ్మలు పాతి పక్షులు వ్రాలుటకు తావు చేయుమని మేము రైతులకు చెప్పుట ఇందులకే. పాలపిట్ట పురుగులను, గుడ్లగూబ ఎలుకలను పట్టును. వీని గూళ్ళు పాడైనచో మనము కొమ్మలు పాతియు ఫలమేమి? అదియునుగాక 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అడవిపక్షుల గ్రుడ్లను పాడుచేయుటయు, గూళ్ళను కదల్చుటయు వేటక్రిందనే లెక్క.

అయినను పిల్లలను వలదని గద్దించుటవలన మాత్రమే పని జరుగదు. వారి చేతులకు మఱియొక పని చూపవలెను. అందులకే మట్టితో గ్రుడ్లు చేయు విధమును ఇచట వ్రాయుచున్నాము.

మట్టి సిద్ధపఱచుట

చెరువులోని బంకమన్ను తెచ్చి, రాళ్ళును వేళ్ళును ఏరి, ఒక రాత్రి నాననిచ్చి బాగుగా పిసుకవలెను. కొంచెము దూదిని సన్నముగా త్రుంచి కలిపినచో పగుళ్ళు తగ్గును. మట్టి యెండునపుడు కుంచించును గనుక కావలసిన కొలతకంటె రవంత పెద్దదిగా చేయవలెను. అరచేతుల నడుమ దొరలించి, నీడలోనే నాలుగైదు దినములు ఆరనిచ్చి, నున్నని గులకరాతితో రుద్దవలెను. ఎండలో పెట్టినచో నెఱ్ఱెలు వాఱును.

ఆకారము, కొలత

కోడిగ్రుడ్డును ఎదుట నుంచుకొనిన పోల్చుట సులభము. పాలపిట్ట గ్రుడ్డు ఇంచుమించు గుండ్రనిది. పొడవు సుమారు 33 మిల్లీమీటర్లు, వెడల్పు 27. గోరువంకది పొడవు 30, వెడల్పు 22. పసులపోలిగానిది పొడవు 26, వెడల్పు 19. తీతువుపిట్టది పొడవు 42, వెడల్పు 30; ఒక కొన బొంగరమువలె సన్నగిలియుండును. ఆ పిట్ట నాలుగు గ్రుడ్లనును సన్నకొనలు లోపలికి వచ్చునట్లు అమర్చుకొనును. అందువలన అవి తక్కువ చోటున ఇమిడి, పొట్టక్రిందికి చక్కగా వచ్చును.

రంగు

మొదట సుద్దను తుమ్మబంక నీటిలో కలిపి రెండు పూతలు పూయవలెను. మేము మొదటిసారి సుద్దకు బదులు సున్నము పూసి, గోరువంక గ్రుడ్డునకు ఆకుపచ్చచాయ తెచ్చుటకై నీలిరంగులో పసుపు కలిపితిమి. సున్నముతో కలిసిన పసుపు ఎఱ్ఱబాఱునని ఇంటింట ఆడువారెఱిగిన సంగతి మాకు తోచలేదు! పిల్లలు నవ్విరి. బడిపిల్లల రంగులపెట్టెలోని రంగులు వాడుట మేలు.

పాలపిట్ట గ్రుడ్డు తెల్లనిది. చెట్టుతొఱ్ఱలో దాగియుండుటచే దానికి మఱుగురంగు అక్కఱలేదు. గోరువంకది మచ్చలు లేని లేతనీలము. పసులపోలిగానిదానికి తెలుపుమీద కావిరంగు చుక్కలు పెట్టవలెను. తీతువుపిట్ట గ్రుడ్డు బయటనేలమీద, గులకరాళ్ళ నడుమ నుండునది గనుక మట్టిరంగు పూసి, నమలిన వేపపుల్లతో బొగ్గునీరు చిలుకరింపవలెను. గోరువంక, పాలపిట్ట గ్రుడ్లకు తేనెమైనము రుద్దిన నిగనిగలాడును. తీతువుపిట్టదానికి మెఱుగు పెట్టరాదు. మెఱసినచో అది శత్రువు కంటబడదా?

ఈ కారణములను చెప్పుచు చేయించినచో పిల్లలకు చేతిపనితోపాటు చదువును అబ్బును. కాని తాము చేసినది సరిపోయినదో లేదో చూచుటకు గూళ్ళయొద్దకు పోరాదనియు, మట్టిగ్రుడ్డును అడవిపక్షి గూటిలో పెట్టరాదనియు ముందుగనే చెప్పవలెను.

కోడిగంపకు ఉపయోగము

మట్టిగ్రుడ్డు పెట్టదగిన గూడు ఒక్కటి కలదు. అది మన కోడిగంప. గ్రుడ్డును చూచిన పెట్ట అచ్చటనే పెట్టుటకు అలవాటుపడును. గడ్డివాములలో వెదకు శ్రమ తగ్గును. ఇందులకు దూది కలుపని మట్టితో కోడిగ్రుడ్డంత చేసి, కొన్ని వారములు బాగుగా ఆరనిచ్చి, కుమ్మరివాని ఆవములో కాల్పించవలెను. లోన తడి మిగిలియున్నచో పగులును. కాల్చినదానికి రంగు పూయక, నిజమైన గ్రుడ్లతో కలిసిపోకుండ ఒక గీత గీయుడు.

సంఘసభ్యులారా! ఈ వేసవిలో మీ పిల్లలచేత ఒక పళ్ళెమునిండ మట్టిగ్రుడ్లు చేయించుడు. చేను దున్నునపుడు తీతువుపిట్ట గ్రుడ్లు కానవచ్చినచో అరక కొంచెము ప్రక్కకు త్రిప్పి, ఆ జానెడు నేలను విడిచిపెట్టుడు. పిల్లవాడు దానిని చూచి నేర్చుకొనును. ఆనాడు మా వెనుక మూడు దినములు కూసిన ఆ పిట్టలకు మేము తీర్పగల ఋణ మింతే.